దెబ్బ తిని మళ్లీ లేచే లోహం

కుండ కొనేవారు ముందు దాన్ని వేలితో తట్టి చూస్తారు. ఖంగుమంటే కుండ గట్టిది. బొద్దుగా పలికితే ఎక్కడో పగులు ఉన్నట్టే. కమ్మరి కూడా అంతే. నాగటి కర్రు మీద సుత్తితో ఒక దెబ్బ వేసి, పలికిన పలుకును బట్టి ఇనుము మంచిచెడ్డలు చెప్పేస్తాడు. సరిగ్గా ఈ పాత పరీక్షే 1959లో అమెరికాలో ఒక వింత లోహాన్ని పట్టి ఇచ్చింది.

ఆ లోహం పేరు నిటినాల్. కొడితే వంగుతుంది, లాగితే సాగుతుంది, వదిలితే ఏమీ జరగనట్టు తన పాత రూపానికి వస్తుంది. రబ్బరు అలా చేస్తే వింతలేదు. లోహం చేయడమే వింత. భూకంపాల నుంచి కట్టడాలను కాపాడేందుకు ఇటలీలోనూ, అమెరికాలోనూ దీన్ని వాడారు. అయితే నెమ్మదిగా లాగినప్పుడు ఒక రకంగాను, ఒక్కసారిగా దెబ్బ తగిలినప్పుడు మరో రకంగాను ప్రవర్తించడం ఈ లోహం గుణం. ఈ తేడా తెలియకుండా వాడితే ప్రాణాల మీదికి వస్తుంది.

నేల మీద పడిన కడ్డీ

మేరీలాండ్ రాష్ట్రంలోని వైట్ ఓక్ అనే చోట అమెరికా నౌకాదళానికి ఆయుధ పరిశోధనశాల ఉండేది. క్షిపణుల ముక్కుభాగం విపరీతమైన వేడికి తట్టుకోవాలి. అందుకు తగిన లోహం కోసం విలియం బ్యూలర్ అనే లోహ శాస్త్రవేత్త అక్కడ రకరకాల మిశ్రమాలు కరిగించి చూస్తున్నారు. నికెల్, టైటానియం కలిపి పోసిన కడ్డీలు కొన్ని చల్లారాయి, కొన్ని ఇంకా వేడిగా ఉన్నాయి. చల్లారిన కడ్డీని సిమెంటు నేల మీద పడవేస్తే సీసపు ముద్దలా దబ్బుమంది. పగిలిందేమోనని ఆయన అనుమానించారు. వేడి కడ్డీని పడవేస్తే గుడిగంటలా మోగింది. ఆ వేడి కడ్డీనే నీళ్లలో చల్లార్చి మళ్లీ పడవేస్తే అదీ దబ్బుమంది. మరుగునీళ్లలో వేసి తీస్తే మళ్లీ గంట మోగింది.

ఒకే కడ్డీ చల్లగా ఉంటే మూగది, వెచ్చబడితే గంట. అంటే కొద్దిపాటి వేడికే లోహం లోపలి అమరిక మారిపోతోందన్నమాట. 1961లో ఆ పరిశోధనశాల సమావేశంలో ఈ లోహపు రేకును హార్మోనియం తిత్తిలా మడతలు పెట్టి పెద్దలకు చూపించారు. చేతులు మారుతున్న ఆ రేకుకు డేవిడ్ మజ్జీ అనే అధికారి తన పైపు వెలిగించుకునే లైటరుతో సెగ తగిలించారు. చూస్తుండగానే మడతలన్నీ విప్పుకుని రేకు తిన్నగా సాగింది. తన పాత రూపాన్ని గుర్తుపెట్టుకుంది కనుక ఇటువంటి వాటికి జ్ఞాపకశక్తి గల లోహాలని పేరు వచ్చింది. నికెల్, టైటానియం, ఆ పరిశోధనశాల పేర్లలోని అక్షరాలు కలిపి దీన్ని నిటినాల్ అన్నారు. 1962లో ఆ బృందంలో చేరిన ఫ్రెడరిక్ వాంగ్ లోపలి అణువుల అమరికను పరిశీలించి, జరుగుతున్నదేమిటో వివరించారు.

ఇటువంటి లోహం అంతకు ముందు లేకపోలేదు. బంగారం, కాడ్మియం కలిపిన మిశ్రమం రబ్బరులా సాగుతుందని స్వీడన్‌కు చెందిన ఆర్నె ఓలాండర్ 1932లోనే గమనించారు. అయితే బంగారంతో స్తంభాలు, చక్రాలు ఎవరు చేస్తారు? నిటినాల్ వచ్చాకనే ఈ విద్య పనిలోకి దిగింది.

కోలాటంలో జత తప్పనట్టు

లోహం మళ్లీ ఎలా లేస్తుంది? ఇది తెలియాలంటే మామూలు ఇనుము ఎందుకు లేవదో ముందు తెలుసుకోవాలి.

ఇనుప తీగెను కొద్దిగా వంచి వదిలితే తిన్నగా వస్తుంది. మరికాస్త వంచితే వంగినది వంగినట్టే ఉండిపోతుంది. లోపల వరుసలుగా ఉన్న అణువులు ఒకదాని పక్కనుంచి మరొకటి జారిపోయి, కొత్త ఇరుగుపొరుగుతో కుదురుకుంటాయి. జాతరలో తోపులాట జరిగితే మన పక్కనున్న మనిషి ఎక్కడికో పోయి, కొత్తవాడు వచ్చి నిలబడినట్టు. మళ్లీ పాత వరుస కుదరదు.

నిటినాల్‌లో జరిగేది తోపులాట కాదు, కోలాటం. పాట మారగానే వలయమంతా ఒక పక్కకు ఒరుగుతుంది, అడుగు మారుతుంది. అయినా ఎవరి పక్కవాడు వారి పక్కనే ఉంటాడు. పాట మళ్లీ మారితే వలయం యథాస్థానానికి వస్తుంది. ఈ రెండు అమరికలలో నిటారుగా ఉండేదాన్ని ఆస్టెనైట్ అని, ఒరిగి ఉండేదాన్ని మార్టెన్‌సైట్ అని పిలుస్తారు. లోహం తగినంత వెచ్చగా ఉన్నప్పుడు నిటారు అమరికే దానికి ఇష్టం. బలం పెట్టి లాగితే ఒరుగుతుంది, బలం తీసేస్తే తనంతట తానే నిటారుగా లేస్తుంది. దీనినే సూపర్ ఎలాస్టిక్ గుణం అంటారు. సెగ పెట్టనక్కరలేకుండానే లేవడం దీని ప్రత్యేకత.

ఎంత సాగుతుంది? మీటరు పొడవు మామూలు ఇనుప తీగెను ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి లాగితే వెనక్కి రాదు. మంచి స్ప్రింగు ఉక్కయితే ఐదు మిల్లీమీటర్ల దాకా ఓర్చుకోవచ్చు. నిటినాల్ తీగె 60 నుంచి 80 మిల్లీమీటర్ల వరకు సాగి, మళ్లీ మీటరుకు వచ్చేస్తుంది.

ఇంకొక విశేషం ఉంది. స్ప్రింగు తాను తిన్న దెబ్బను దాదాపు అంతా తిరిగి ఇచ్చేస్తుంది. అందుకే గోతిలో పడిన బండి రెండు మూడు సార్లు ఎగిరెగిరి పడుతుంది. నిటినాల్ అలా కాదు. సాగేటప్పుడు పుచ్చుకున్న శక్తిలో కొంత భాగాన్ని వేడిగా మార్చి ఖర్చు పెట్టేసి, మిగిలినదే తిరిగి ఇస్తుంది. అంటే దెబ్బలో కొంత మింగుతుంది, రూపమూ పోగొట్టుకోదు. ఈ రెండు గుణాలూ ఒకేచోట ఉండే లోహాలు బహు అరుదు.

సైకిలు ట్యూబుతో పరీక్ష

దెబ్బకూ, నెమ్మదిగా లాగడానికీ తేడా ఎందుకు వస్తుందో ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. పాత సైకిలు ట్యూబు నుంచి సన్నటి ముక్క కోసి, శుభ్రంగా కడిగి, గభాలున సాగదీసి వెంటనే పెదవికి ఆనించి చూడండి. వెచ్చగా తగులుతుంది. అలాగే లాగి కాసేపు పట్టుకుని, ఒక్కసారిగా సడలించి మళ్లీ ఆనిస్తే చల్లగా ఉంటుంది.

నిటినాల్‌లోనూ ఇదే జరుగుతుంది, కారణం వేరైనా. నిటారు అమరిక ఒరిగినప్పుడు వేడి పుడుతుంది. తిరిగి లేచినప్పుడు ఆ వేడిని పీల్చుకుంటుంది. నెమ్మదిగా లాగితే పుట్టిన వేడి పుట్టినట్టే గాలిలోకి పోతుంది. తీగె చల్లగానే ఉంటుంది. ఒక్కసారిగా లాగితే వేడికి బయటికి పోయే వ్యవధి ఉండదు. తీగె 20 డిగ్రీలు, కొన్నిసార్లు అంతకు మించి వేడెక్కుతుంది.

వేడెక్కితే ఏం? అసలు చిక్కు అక్కడే ఉంది. వెచ్చబడిన కొద్దీ ఈ లోహానికి నిటారు అమరిక మీద ఇష్టం పెరుగుతుంది. దాన్ని ఒరిగించాలంటే మరింత బలం కావాలి. లెక్క చెప్పుకుంటే, మామూలు గది వేడిలో చదరపు మిల్లీమీటరు మందం గల తీగెను సాగదీయడానికి సుమారు 45 కిలోల బరువు వేలాడదీయాలనుకుందాం. ఒక్కొక్క డిగ్రీ వేడికి ఇంకో 600, 700 గ్రాములు అదనంగా కావాలి. దెబ్బకు తీగె 20 డిగ్రీలు వేడెక్కితే అదనపు బరువు 12 నుంచి 14 కిలోలు. అంటే నెమ్మదిగా లాగినప్పుడు 45 కిలోలకు లొంగిన తీగె, దెబ్బ వేళ 57, 59 కిలోల దాకా మొండికేస్తుంది.

గట్టిపడితే మంచిదే కదా అనిపించవచ్చు. కాని ఆ తీగె మొండికేసిన కొద్దీ, దాన్ని బిగించిన గోడ మీద లాగుడు పెరుగుతుంది. పాత సున్నపు గోడకు 45 కిలోల లెక్కన కట్టిన లంగరు 59 కిలోలకు ఊడి రావచ్చు. పైగా, తిరిగి వచ్చేటప్పుడు కూడా తీగె వేడిగానే ఉంటుంది కనుక తొందరగా, బలంగా వెనక్కి లాక్కుంటుంది. ఆ మేరకు అది మింగే దెబ్బ తగ్గుతుంది. యూరప్ దేశాలు కలిసి 1990 దశకంలో జరిపిన పరిశోధనలో ఇటలీ ఇంజనీర్లు ఈ సంగతి గమనించారు. నెమ్మదిగా లాగి చూసినప్పటి కన్నా, భూకంపపు వేగంతో ఊపినప్పుడు నిటినాల్ తీగె మింగే శక్తి తక్కువగా ఉంది.

తుపాకి గొట్టంతో దెబ్బ

సుత్తి దెబ్బ సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ కాస్త సేపట్లో లోహం ఏం చేసిందో కొలవడం ఎలా? దీనికి బెర్‌ట్రామ్ హాప్కిన్సన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1914లో ఒక పద్ధతికి పునాది వేశారు. 1949లో హెర్బర్ట్ కోల్‌స్కీ దాన్ని ఇప్పటి రూపానికి తెచ్చారు. రెండు పొడవాటి ఉక్కు కడ్డీలను ఒకే వరుసలో పెట్టి, మధ్యలో పరీక్షించవలసిన చిన్న ముక్కను ఉంచుతారు. గాలి ఒత్తిడితో పనిచేసే గొట్టం నుంచి మరో కడ్డీని పేల్చి మొదటి కడ్డీ వెనుక కొడతారు. చెరువులో రాయి వేస్తే అల సాగినట్టు, దెబ్బ అలగా మారి కడ్డీలో పరుగెడుతుంది. ముక్క దగ్గరికి వచ్చాక కొంత అల వెనక్కి మళ్లుతుంది, కొంత రెండో కడ్డీలోకి దాటుతుంది. కడ్డీలకు అంటించిన సన్నటి విద్యుత్ పట్టీలు ఆ అలలను నమోదు చేస్తాయి. ఎంత వెనక్కి వచ్చింది, ఎంత ముందుకు దాటింది అన్న లెక్కతో ముక్క ఎంత నలిగింది, ఎంత ఎదురు తిరిగింది తేలుతుంది.

శాన్ డియెగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సియా నెమత్ నాసర్ బృందం 2000 దశకంలో ఈ పద్ధతిలో నిటినాల్‌ను పరీక్షించింది. ఇతర దేశాలలో బరువును పైనుంచి జారవిడిచి తీగెల మీద దెబ్బ వేసి చూశారు. వీటన్నిటి నుంచి తేలినది మూడు మెట్లుగా చెప్పుకోవచ్చు.

మొదటి మెట్టు నెమ్మదిగా లాగడం. వేడి పోతుంటుంది, లోహం మెత్తగా లొంగుతుంది. రెండో మెట్టులో వేగం పెరిగిన కొద్దీ వేడి నిలిచిపోయి లోహం గట్టిపడుతూ వస్తుంది. ఒక స్థాయి దాటాక వేడి మొత్తం లోపలే ఉండిపోతుంది కనుక, ఇంకా వేగంగా కొట్టినా పెద్దగా తేడా రాదు. మామూలు గుద్దుళ్లు చాలావరకు ఇక్కడికే వస్తాయి. మూడో మెట్టు తుపాకి గుండు వంటి మహా వేగపు దెబ్బ. అప్పుడు కోలాటం వలయానికి ఒరిగే వ్యవధే చిక్కదు. అణువులు మామూలు ఇనుములో లాగే జారిపోవడం మొదలుపెడతాయి. నిటినాల్ తన ప్రత్యేకతను అక్కడ కోల్పోతుంది. జారినది మళ్లీ లేవదు.

గంటగోపురం నిలిచింది

ఈ లోహం నిజమైన పరీక్షకు నిలిచిన చోటు ఇటలీలో ఉంది. ఎమీలియా ప్రాంతంలో ట్రిన్యానో అనే చిన్న ఊళ్లో సెయింట్ జార్జి చర్చికి పాత ఇటుకల గంటగోపురం ఉంది. 1996 అక్టోబరు 15న వచ్చిన భూకంపానికి అది బాగా దెబ్బతిన్నది. బాగుచేసేటప్పుడు ఇంజనీర్లు గోపురం లోపల నాలుగు మూలలా పైనుంచి కిందికి నాలుగు ఉక్కు కడ్డీలు బిగించారు. ఒక్కొక్క కడ్డీ మధ్యలో నిటినాల్ తీగెల కట్టను అమర్చారు. ఒక్కొక్క కట్టలో మిల్లీమీటరు మందం తీగెలు 60. సన్నటి తీగెలకు వేడి తొందరగా వదిలే గుణం ఉంటుంది. అదే మందపు కడ్డీ అయితే వేడిని ఎక్కువ సేపు పట్టి ఉంచుతుంది. 2000 జూన్ 18న మళ్లీ ఇంచుమించు అటువంటి భూకంపమే వచ్చింది. గోపురానికి ఏమీ కాలేదు.

అస్సీసీ పట్టణం కథ మరింత విషాదకరమైనది. 1997 సెప్టెంబరు 26న తెల్లవారుజామున భూమి కంపించింది. సెయింట్ ఫ్రాన్సిస్ మహాలయానికి ఏమైనదో చూడడానికి లోపలికి వెళ్లినవారి మీద, మధ్యాహ్నం కాకముందే వచ్చిన రెండో కంపానికి పైకప్పు కూలింది. ఇద్దరు మతగురువులు, ఇద్దరు నిపుణులు అక్కడికక్కడే చనిపోయారు. తర్వాత జరిగిన మరమ్మతులలో కప్పుకూ, త్రికోణపు గోడకూ మధ్య నిటినాల్ తీగెల పరికరాలు బిగించారు. చిన్న ఊపుకు అవి బిర్రుగా పట్టి ఉంచుతాయి. పెద్ద ఊపుకు కాస్త లొంగి గోడ మీద భారం పడకుండా చూస్తాయి. మరీ ఎక్కువైతే మళ్లీ బిగుసుకుని గోడ ఒరిగిపోకుండా ఆపుతాయి. 1999 నవంబరులో ఆలయాన్ని తిరిగి తెరిచారు.

అమెరికాలోని సియాటిల్ నగరంలో కట్టిన ఒక వంతెనలో స్తంభాల పైభాగాన ఉక్కు చువ్వలకు బదులు నిటినాల్ చువ్వలు, వాటి చుట్టూ కొద్దిగా వంగగల ప్రత్యేక కాంక్రీటు వాడారు. భూకంపం వస్తే మామూలు వంతెన కూలకపోయినా ఒరిగి నిలిచిపోవచ్చు. అప్పుడు అంబులెన్సు కూడా దాటలేదు. ఊగి మళ్లీ తిన్నగా నిలిచే స్తంభమైతే ఆ రోజే దారి నడుస్తుంది.

చంద్రుడి మీదికి చక్రం

దెబ్బలు తినడమే పనిగా ఉండే వస్తువు చక్రం. అంగారకుడి మీద 2012లో దిగిన క్యూరియాసిటీ బండికి అల్యూమినియం చక్రాలు. పదునైన రాళ్ల మీద నడిచి వాటికి చిల్లులు పడటం 2013లో కనిపించింది. క్లీవ్‌లాండ్‌లోని నాసా గ్లెన్ కేంద్రంలో ఇంజనీర్లు ఉక్కు తీగెలను స్ప్రింగులుగా చుట్టి, వలలా అల్లి గాలి అక్కరలేని టైరు చేశారు. రాయికి గుద్దుకుంటే తీగెలు నొక్కుకుపోయి అలాగే ఉండిపోయేవి. ఉక్కు స్థానంలో నిటినాల్ తీగె పెట్టాక, టైరు ఇరుసు దాకా నలిగినా తిరిగి గుండ్రంగా లేచింది.

అయితే అక్కడ మరో చిక్కు ఉంది. చలి ఎక్కువైతే ఈ లోహం వంగినది వంగినట్టే ఉండిపోతుంది. చంద్రుడి రాత్రి చలి సున్నాకు వంద డిగ్రీల కంటే ఎంతో కిందికి దిగుతుంది. ఏ వేడిలో లేవాలన్నది నికెల్ పాళ్లను బట్టి ఉంటుంది. వెయ్యి అణువులలో ఒక్క అణువు నికెల్ పెరిగినా ఆ హద్దు సుమారు పది డిగ్రీలు మారుతుంది. కొలిమిలో అంత ఖచ్చితంగా కలపవలసి రావడం కూడా ఈ లోహం ఖరీదుకు ఒక కారణం.

మన దాకా వచ్చినది

ఇదంతా దూరదేశపు ముచ్చట అనుకోనక్కరలేదు. పట్నంలో పిల్లల పళ్లకు వేసే క్లిప్పులలో సన్నని తీగె చాలావరకు నిటినాలే. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో జార్జి ఆండ్రియాసెన్ 1970 దశకంలో ఈ వాడకం మొదలుపెట్టారు. తొడ దగ్గర రక్తనాళం పూడుకుపోతే వేసే స్టెంటు కూడా తరచుగా ఈ లోహంతో చేసినదే. మోకాలు మడిచినా, తొడ నలిగినా అది మళ్లీ గుండ్రంగా తెరుచుకుంటుంది. పంటి వేరు లోపల శుభ్రం చేసే సన్నటి ఆకురాళ్లు కూడా దీనితోనే చేస్తున్నారు.

భూకంపం కూడా మనకు కొత్తది కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో వచ్చింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో వచ్చిన కంపం రెండు రాష్ట్రాలలోనూ అనేక చోట్ల తెలిసింది. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో మట్టిలో పేర్చిన బండరాళ్ల గోడలు నిద్రలో ఉన్నవారి మీద కూలి వేలమంది చనిపోయారు. ఆ గోడలు అంతవరకూ కప్పు బరువును ఏళ్ల తరబడి మోసినవే. నిలకడగా పడే బరువును మోయడం వేరు, ఒక్కసారిగా వచ్చే ఊపుకు తట్టుకోవడం వేరు.

పల్లె ఇంటికి నిటినాల్ కడ్డీ వేయించుకునే రోజు ఇప్పట్లో రాదు. కాని ఆ లోహంతో చేయిస్తున్న పనిలో కొంత మామూలు ఇనుముతోనూ చేయించుకోవచ్చు. గుమ్మాలు, కిటికీల పైభాగాన నాలుగు గోడలనూ తెగకుండా చుట్టుకునేలా ఇనుప చువ్వలతో కాంక్రీటు పట్టీ పోయించాలి. మూలల దగ్గర చువ్వలను వంచి పక్క గోడలోకి తిప్పాలి. ఊపు వచ్చినప్పుడు ఏ గోడకా గోడ విడిపోకుండా ఇది పట్టి ఉంచుతుంది. కొత్తగా ఇల్లు కట్టుకునేవారు మేస్త్రీని ఈ పట్టీ సంగతి పునాది వేసే రోజునే అడిగి, గోడ గుమ్మం ఎత్తుకు లేచినప్పుడు దగ్గర నిలబడి పోయించుకోవడం మంచిది.